తీగ తీసి చూడు

కోడూరు,
8 డిసెంబరు 2025

ఏలీయా మావయ్యకు,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేను, జీవన్, మా అత్తయ్య రమణమ్మగారు క్షేమంగా ఉన్నాం.

ఈ పది రోజుల్లో మీకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తుతారు, "ఆఁ ఆఁ, బాగానే ఉన్నా" అంటారు, పెట్టేస్తారు. నా మీద కోపమా? అమ్మని అడిగితే, "వాడంతే, రిటైరయ్యాక మనుషులతో మాట్లాడటం మానేశాడు" అంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవరు కొన్నాను. పదో తరగతి పరీక్షలో రాసిన లేఖ తర్వాత నేను రాస్తున్న ఉత్తరం ఇదే. తప్పులుంటే నవ్వకండి.

నవంబరు నుంచి ఇంట్లోనే ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాలి. పొద్దున తొమ్మిదింటికి వాళ్ల హోంవర్కులు దిద్దాలి. మూడు నెలలు చూస్తారట. జనవరి ఆఖరున ఉంచుతారో తీసేస్తారో చెప్తారు. పెళ్లయిన నాలుగేళ్లకు నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది మావయ్యా.

పాఠం మధ్యలో వైఫై పోతోంది. నేను సమీకరణం సగంలో ఉంటాను, తెర మీద పన్నెండు మొహాలు ఫొటోల్లా బిగుసుకుపోతాయి. రెండు నిమిషాలకు వస్తుంది, మళ్లీ పోతుంది. ఇప్పటికే పైవాళ్లు రెండుసార్లు హెచ్చరించారు. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు వచ్చి, "మా లైను బాగుంది మేడం" అని వెళ్లారు. జీవన్ పొద్దున్నే రొయ్యల చెరువులకు వెళ్లిపోతాడు, అడిగితే "పాత లాప్‌టాప్ గదా" అంటాడు. మీరు ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ లైన్లు బాగుచేశారు. మీకు తెలియని తీగ ఉండదని అమ్మ అనేది. ఏం చెయ్యాలో రాయండి.

మీ మేనకోడలు,
ప్రియ

*

మచిలీపట్నం,
12 డిసెంబరు 2025

చిరంజీవి ప్రియకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులు రెండే ఉన్నాయి.

నీ మీద కోపం లేదమ్మా. నాకు చెవులు పోయాయి. ఎడమది రెండేళ్ల కిందట, కుడిది ఈ వానాకాలంలో. ఫోనులో నీ గొంతు రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. నాది పాత బటన్ల ఫోను, మెసేజీలు చదవడం నాకు రాదు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి సగం పట్టుకుంటాను. బందరులో సగం ఇళ్లకు మాట వినబడేట్టు చేసిన లైన్‌మన్‌ని, నాకే వినబడదని ఎవరితో చెప్పుకోను? మీ అమ్మకు చెప్పకు, ఏడుస్తుంది.

పొద్దున్నే గిలకలదిండి రేవుకి నడిచి వెళ్తున్నాను. చేపల వేలం దగ్గర నాకు హాయిగా ఉంటుంది. అక్కడ అందరూ వేళ్లతోనే బేరమాడతారు, ఎవరు ఎంత పాడారో నాకూ తెలుస్తుంది.

ఇక నీ సంగతి. తీగ లేని వ్యవహారం నాకు అలవాటు లేదు. అందుకని మన చర్చిలో కంప్యూటరు చూసుకునే ప్రకాశరావుని కూర్చోబెట్టి కాగితం మీద అడిగి తెలుసుకున్నాను. ఒక పుస్తకం పెట్టు. పోయిన ప్రతిసారీ టైము రాయి. అప్పుడు వైఫై పెట్టెలో దీపాలు వెలుగుతున్నాయా లేదా చూడు. అదే వైఫై మీద నీ ఫోను పనిచేస్తోందో లేదో చూడు. పెట్టె టీవీ వెనక ఉంటే బయటికి తియ్యి. ఏది మార్చినా ఒకసారి ఒక్కటే మార్చు. రెండు మార్చావంటే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ఇంకోమాట. నా సర్వీసులో సగం కంప్లయింట్లు లైనువి కావు, ఇంట్లోవాళ్ల చేతివి. ఎవరో ప్లగ్గు పీకేవారు, ఎవరో చీపురుతో వైరు లాగేవారు. ముందు ఆ స్విచ్‌బోర్డు మీద ఎవరి చెయ్యి పడుతోందో చూసుకో.

నీ మావయ్య,
ఏలీయా

*

కోడూరు,
18 డిసెంబరు 2025

మావయ్యకు వందనాలు.

మీ చెవుల సంగతి చదివాను. కోపమనుకున్నందుకు సిగ్గుగా ఉంది. అమ్మకు చెప్పను. కానీ మీరు చెప్పాలి.

పుస్తకం పెట్టాను. సోమవారం మూడుసార్లు, మంగళవారం అయిదుసార్లు, బుధవారం రెండుసార్లు పోయింది. అన్నీ నాలుగు, ఆరు మధ్యలోనే. పెట్టెని టీవీ వెనక నుంచి తీసి పైన పెట్టాను. మర్నాడు ఆపి మళ్లీ వేశాను. ఆ మర్నాడు లాప్‌టాప్‌లో వైఫై పేరు చెరిపేసి మళ్లీ కలిపాను. ఏం లాభం లేదు. పాఠం వదిలి లేవలేను కాబట్టి దీపాలు, హాల్లో ఛార్జింగుకి పెట్టే ఫోను చూడటం కుదరడంలేదు. నేను కూర్చునేది పడక గదిలో పడమటి కిటికీకి వీపు పెట్టి, పెట్టె హాల్లో. పాఠం అయ్యాక వచ్చేసరికి అన్నీ వెలుగుతూనే ఉంటాయి.

రాయాలా వద్దా అనుకున్నాను. నిన్న నెట్ పోగానే హాల్లోకి పరుగెత్తితే అత్తయ్య స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి తీసేశారు. ఆవిడకి గది దాటితే లైటు, ఫ్యాను కట్టేయడం అలవాటు. ఉరిమితే మెయిను దించేస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, "మూడు గంటలు గోడతో మాట్లాడితే ఇల్లు ఎట్టా గడిచిద్ది అమ్మాయ్?" అన్నారు. నవ్వుతూనే అన్నారులెండి.

మీరు రాసిన మాటే మనసులో తిరుగుతోంది.

ప్రియ

*

మచిలీపట్నం,
23 డిసెంబరు 2025

ప్రియమ్మకు,

ఇరవై మీటర్ల వైరు తెచ్చి, రెండు కొసలకూ క్లిప్పులు నా చేత్తోనే బిగించాను. పాత పనిముట్టు ఇంకా నా మాట వింటోంది. పెట్టె నుంచి లాప్‌టాప్ దాకా ఈ తీగ కలిపి నడుపు, ఇక వైఫైతో పనిలేదు. బస్సు పార్సిల్లో వేస్తున్నాను, పండగ రద్దీలో ఎప్పుడు చేరుతుందో. కౌంటరు మూసేస్తున్నారు, ఇంతకంటే రాయలేను. ఏమైందో రాయి.

మీ ముగ్గురికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. రమణమ్మ చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఏలీయా

*

కోడూరు,
31 డిసెంబరు 2025

మావయ్యకు వందనాలు.

మీరు అన్నది అక్షరాలా నిజమైంది. కానీ నాకు సంతోషంగా లేదు.

ఇరవై ఆరో తేదీన పాఠంలో రెండుసార్లు పోయింది. రెండోసారి పైవాళ్లు కూడా వింటున్నారు. హాల్లోకి వెళ్లాను. అత్తయ్య చెయ్యి స్విచ్‌బోర్డు మీదే ఉంది. అప్పుడే చెరువుల నుంచి వచ్చిన జీవన్ కాళ్లు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకు కట్టేస్తున్నారు అత్తయ్యా? నా ఉద్యోగం పోవాలనా?" అన్నాను.

"నేను కట్టలేదమ్మాయ్."

"మా మావయ్య కూడా రాశారు. ఇంట్లోవాళ్ల చెయ్యేనని!"

ఆవిడ జీవన్ వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయారు. పొద్దున చూస్తే బ్యాగు సర్దుకుని ఉన్నారు. మా ఆడపడుచు వినీలది గుడివాడ కదా, "పిల్లని చూసొస్తా" అని మొదటి బస్సుకి వెళ్లిపోయారు. బైబిలు, కళ్లజోడు కూడా తీసుకెళ్లారు. నాలుగు రోజులకు వెళ్లేవాళ్లు అవి రెండూ తీసుకెళ్తారు గానీ, రోజూ వేసుకునే మందుల డబ్బా మొత్తం తీసుకెళ్లరు.

ఆ మధ్యాహ్నమే మీ పార్సిల్ వచ్చింది. తీగ కలిపాను. అయిదు రోజులైంది, ఒక్కసారి కూడా పోలేదు. ఆవిడ వెళ్లారు, నెట్ నిలబడింది. జీవన్ నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. అన్నం నేను పెడితే తింటున్నాడు, అంతే. నేను చేసింది తప్పా మావయ్యా? అడగకపోతే నా ఉద్యోగం పోయేది కదా?

ప్రియ

*

మచిలీపట్నం,
3 జనవరి 2026

ప్రియా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. గిలకలదిండి వెళ్లేవాణ్ణి ఆగిపోయి రాస్తున్నాను.

తప్పు ముందు నాది. స్విచ్‌బోర్డు మీద ఎవరి చెయ్యి అని సరదాగా రాశాను. కాగితం మీద సరదా కనబడదని నాకు తెలిసుండాలి. నువ్వు పద్దెనిమిదిన రాసింది చదివి కూడా, నువ్వే మెల్లగా అడుగుతావులే అనుకుని ఊరుకున్నాను. చెవులు బాగుంటే ఆ రోజే ఫోన్ చేసి "ఆగు" అనేవాణ్ణి.

ఒకసారి ఒక్కటే మార్చమన్నాను. ఇరవై ఏడున రెండు మారాయి. చెల్లెమ్మ వెళ్లింది, తీగ వచ్చింది. నెట్ నిలబడింది చెల్లెమ్మ వెళ్లినందుకా, తీగ వచ్చినందుకా? నీకు తెలియదు. నాకూ తెలియదు. తెలియకుండానే తీర్పు చెప్పేశావు.

పెట్టెకు కరెంటు పోతే తీగ ఉన్నా నెట్ పోతుంది. ఇది ఆలోచించు.

ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్న రోజు చూసి తీగ తీసి చూడు. అంతే. ఇంకేదీ ముట్టుకోకు.

ఏలీయా

*

కోడూరు,
7 జనవరి 2026

మావయ్యా,

తీశాను.

నిన్న ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. వీధి తలుపు గడియ పెట్టాను. నాలుగూ పన్నెండుకు పోయింది. నాలుగూ నలభైకి మళ్లీ పోయింది. కుర్చీ వదిలి హాల్లోకి పరుగెత్తాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఫోనులో అదే వైఫై మీద వీడియో పెట్టి చూశాను, హాయిగా నడుస్తోంది. స్విచ్‌బోర్డు దగ్గర ఎవరూ లేరు.

రాత్రి జీవన్‌కి చెప్పాను. "అమ్మ కట్టలేదంది గదా" అన్నాడు. అంతే అన్నాడు. కానీ ఆ రోజు తనూ ఏం మాట్లాడలేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పొద్దున గుడివాడ ఫోన్ చేస్తే వినీల ఎత్తింది. "అమ్మ మాట్లాడనంటోంది వదినా. కోపంగా లేదు, ఊరికే మాట్లాడనంటోంది" అంది.

ప్రియ

*

మచిలీపట్నం,
11 జనవరి 2026

చిరంజీవి ప్రియకు,

బాధపడుతున్నావని తెలుసు. ముందు లాప్‌టాప్ సంగతి తేలుద్దాం, అది తేలితే రెండో పనికి ధైర్యం వస్తుంది.

ఫోను నిలబడి లాప్‌టాప్ ఒక్కటే పడిపోతోందంటే జబ్బు లాప్‌టాప్‌దే. మరి పొద్దున తొమ్మిదింటికి హోంవర్కులు దిద్దేటప్పుడు ఒక్కసారి కూడా పోలేదేం? నాలుగు, ఆరు మధ్యలోనే ఎందుకు పోతోంది? నీ పాత ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాను. పడమటి కిటికీకి వీపు పెట్టి కూర్చుంటానని రాశావు. సాయంత్రం ఎండ తెర మీద పడుతుంది. అప్పుడు ఏం చేస్తావు? మూత వెనక్కి వాలుస్తావు కదూ? ఆరు దాటాక మళ్లీ ముందుకు తెస్తావు.

ప్రకాశరావు చెప్పాడు. వైఫై పట్టుకునే సన్నటి వైర్లు మూతలో ఉంటాయట, మడత బందు పక్క నుంచి కిందికి దిగుతాయట. ఆ వైరు ఎక్కడో నలిగి ఉంటే మూత వాల్చినప్పుడల్లా పట్టు తప్పుతుంది. పాత టెలిఫోను రిసీవరు వైరు అట్టాగే ఉండేది. ఒక పక్కకి పట్టుకుంటే మాట వచ్చేది, ఇంకో పక్కకి తిప్పితే పోయేది. మూత నెమ్మదిగా వాల్చి, తెర మూలన వైఫై గుర్తులో గీతలు తగ్గుతున్నాయేమో చూడు. అది ఎప్పుడైనా కింద పడిందా?

తగ్గితే గుడివాడ తీసుకెళ్లి ఎవరిచేతనైనా విప్పించు. గుడివాడలో నీకు ఇంకో పని కూడా ఉంది. దానికి నా సలహా అక్కర్లేదు.

ఏలీయా

*

కోడూరు,
19 జనవరి 2026

మావయ్యకు వందనాలు.

మూత వాలిస్తే గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ముందుకు తెస్తే లేచాయి. పదిసార్లు చేసి చూశాను. కింద పడిందా అని అడిగారు, నా చేతిలో ఎప్పుడూ పడలేదు.

శనివారం గుడివాడ వెళ్లాను. స్టేషను దగ్గర నవాజ్ అనే అతని షాపు ఉంది. లాప్‌టాప్ బల్ల మీద పెట్టగానే అటూ ఇటూ తిప్పి, "దీన్ని నేను చూశాను మేడం" అన్నాడు.

"ఎప్పుడు?"

"తుఫాను అయిన వారానికి. ఒక పెద్దావిడ తెచ్చారు. బియ్యం సంచిలో పెట్టి, పైన పాత చీర చుట్టి. షెల్టరుకి పట్టుకెళ్తుంటే పడిందట. మడత బందు విరిగిపోయింది, లోపల నీళ్లు. 'మా కోడలిది బాబూ, ఆ పిల్లకి కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఇది లేకపోతే పోద్ది, తను ఊరి నుంచి వచ్చేలోపు చేసిపెట్టు' అన్నారు. రెండు రోజులు పొద్దున్నుంచి ఈ బెంచీ మీదే కూర్చున్నారు మేడం. టీ ఇస్తే కూడా తాగలేదు."

అక్టోబరు తుఫానుకి నేను ఇంట్లో లేను. అమ్మ కంటి ఆపరేషనుకి విజయవాడలో ఉన్నాను. జీవన్ చెరువుల దగ్గర చిక్కుకుపోయాడు. అత్తయ్య ఒక్కరే కట్టుబట్టలతో షెల్టరుకి వెళ్లారని మాత్రం తెలుసు. లాప్‌టాప్ బీరువాలో పెట్టి వెళ్లారనుకున్నాను. అసలు ఆ సంగతి అడగనే లేదు.

నవాజ్ మూత విప్పి చూపించాడు. "తప్పు నాదే మేడం. ఆ రోజు తొందరలో బిగించేటప్పుడు వైరు ఇక్కడ నలిగింది" అన్నాడు. కొత్త వైరు వేశాడు. ఇప్పుడు ఎంత వాల్చినా పోవడం లేదు.

వినీల ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"నవాజ్ చెప్పాడు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ చేతులు ఆగలేదు. "ఎవరికీ చెప్పొద్దన్నానే."

"మీ బట్టలు కూడా వదిలేసి దాన్ని ఎందుకు పట్టుకెళ్లారు?"

"రేకు లేచిపోయింది. సరిగ్గా నీ బల్ల మీదే కారతంది. ఏం చెయ్యను? షెల్టరు మెట్ల మీద జారాను. అది కింద పడకూడదని గట్టిగా పట్టుకున్నా, చివరికి మోకాలు కొట్టుకుని నేనే దాని మీద పడ్డా."

"నాకు చెప్తే ఏమయ్యేది?"

"పడేశానని ఎట్టా చెప్పను? నీ మొదటి ఉద్యోగం. వచ్చీ రాగానే దాన్ని తెరిచి నవ్వావు. పనిచేస్తందిగా, ఎందుకులే అనుకున్నా."

"మరి స్విచ్‌బోర్డు దగ్గర?"

"నువ్వు లోపల 'పోయింది, పోయింది' అంటన్నావు. ప్లగ్గు వదులైందేమోనని నొక్కి చూసేదాన్ని. రోజూ చూసేదాన్ని."

నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. "తప్పయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టారు.

"నువ్వు అడిగినందుకు కాదమ్మాయ్. ఉద్యోగం పోద్దంటే ఎవరైనా అడుగుతారు. వాడు గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు చూడు, నిజమేనా అమ్మా అన్నట్టు. అది నేను మర్చిపోలేకపోతన్నా."

నాకు అన్నం పెట్టారు. నాతో రమ్మంటే రాలేదు. ఆదివారం జీవన్ వెళ్లాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. కళ్లు ఎర్రగా వచ్చాడు, ఒక్కడే వచ్చాడు.

ఉద్యోగం సంగతి రాయడం మర్చిపోయాను. ఇంకో నెల చూస్తామన్నారు.

ప్రియ

*

మచిలీపట్నం,
26 జనవరి 2026

చిరంజీవి ప్రియకు, జీవన్‌కు ఆశీస్సులు.

ఈ ఉత్తరం చేరేసరికి మీ అత్తయ్య ఇంట్లోనే ఉంటారు. ఎలా వచ్చారో ఆవిడ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

నా మాటని సాక్ష్యంగా పెట్టి ఆవిడని నిలదీశావు. కాబట్టి క్షమాపణ నేను కూడా చెప్పాలి. ఈ పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్లాను. మనుషుల ఇంటికి వెళ్లి చాలా నెలలైంది. ఎవరైనా ఏమైనా అడిగితే తప్పు జవాబు చెప్తానని భయం. వినీల గుమ్మంలో నిలబడి, ముందుగా అనుకున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేశాను. "చెల్లెమ్మా, చూడకుండా రాశాను, తెలియకుండా రాశాను, నా రాత వల్ల మీకు ఇంట్లో మాట పడింది, మన్నించాలి" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు.

ఆవిడ ఏదో అన్నారు. నాకు అందలేదు. వినీల నా మొహం చూసి కనిపెట్టింది కాబోలు, కాగితం మీద రాసి చూపించింది: "లోపలికి రమ్మంటోంది. చెప్పులు వదిలి రండి, ఇప్పుడే తడిగుడ్డ పెట్టింది."

కాఫీ ఇచ్చారు. "నేను మూడు గంటల లోపు బందరు వెళ్లిపోతాను, వస్తారా, మీ ఊరికి అవనిగడ్డ బస్సు ఎక్కిస్తాను" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లారు. కాసేపటికి బ్యాగుతో వచ్చారు. మోకాలు ఇంకా నొప్పి పెడుతున్నట్టుంది, మెట్టు దిగడానికి నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరుకి చూపించు.

బస్సులో నేను, ఆవిడ ఒకే సీట్లో కూర్చున్నాం. ఊరు దాటగానే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆగకుండా మాట్లాడారు. ఒకసారి కళ్లు తుడుచుకున్నారు, ఒకసారి నవ్వారు, ఒకసారి ముందు సీటు మీద చేత్తో కొట్టారు. నేను తల ఊపుతూ ఉన్నాను. పెడన వచ్చేసరికి నాకు మోసం చేస్తున్నట్టనిపించింది. "చెల్లెమ్మా, నాకు వినబడదు. ఇందాకటి నుంచి ఒక్క ముక్క కూడా తెలియలేదు" అన్నాను.

ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగారు. పెదాలు నాకు కనబడేట్టు నెమ్మదిగా అన్నారు.

"తెలుసన్నయ్యగారూ. అందుకే మీకు చెప్తున్నా."

మళ్లీ కిటికీ వైపు తిరిగి బందరు దాకా చెప్పుకుంటూ వచ్చారు. నేనూ తల ఊపుతూ వచ్చాను. బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కించాను. ఏం చెప్పారని ఆవిడని అడగకు, నన్నూ అడగకు. ఇంటికి వచ్చి మీ అమ్మకు కూడా ఒక ఉత్తరం రాసి పెట్టాను, నా చెవుల సంగతి.

నీ మావయ్య,
ఏలీయా